వంటింటి యాడి

పోయిన వారం పుష్పాబాయిని కోదాడ ‘పిల్లల పందిరి’ ఆశ్రమం వంటింట్లో, చేతిలో గరిటెతో, నోట మాట లేకుండా నిలబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అలాగే నిలబడి ఉంది. ఎదురుగా కొత్తగా చేరిన ఆరోగ్య కార్యకర్త జైరాం. నీళ్లు తాగుదామని లోపలికొచ్చినవాడు, “యాడీ, అన్నం! యాడీ, చారు!” అని పిల్లలంతా ఒకటే గోల చేయడం విని పొలమారి, గ్లాసు గట్టు మీద పెట్టి అడిగాడు: “ఇంతమందికి తల్లివి ఎట్లయినవ్ అక్కా?”

అడిగింది లంబాడీలో. ఆ భాషలో యాడి అంటే అమ్మ.

కొత్తగా చదువుతున్నవారి కోసం నాలుగు మాటలు చెప్పుకోవాలి, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. పుష్పాబాయి మొగుడు గేమ్యా లారీ డ్రైవరు. మిర్యాలగూడ మిల్లుల బియ్యాన్ని ఎక్కడెక్కడికో మోసి, చివరికి ఎయిడ్స్‌ని ఇంటికి మోసుకొచ్చి చచ్చిపోయాడు. దినాలైనా కాకముందే మరిది దేవ్‌సింగ్ తల్లీబిడ్డల సామాను గుడిసె బయట పెట్టాడు. తండాలో ఎవరూ వాళ్లను బోరింగు దగ్గరికి కూడా రానివ్వలేదు. కోదాడలో ఇలాంటి పిల్లల కోసమే ఒక ఇల్లుందనీ, కడుపుకింత పెట్టి బడికి కూడా పంపుతారనీ పుష్పాబాయి చెవిన పడింది. అయితే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయినవాళ్లనే తీసుకుంటారట. డబ్బు పంపే పెద్దల నియమం అది. పుష్పాబాయి ఏం చేసింది? తనను తాను చంపేసుకుంది. మాటల్లోనే లెండి. నాట్లకు జతగా పోయే బుచ్చమ్మ చేత “తల్లి కూడా పాయె సారూ” అనిపించి, కూతురు చాందీని అక్కడ చేర్పించింది. ఆ వెనకే తానూ వచ్చి వంటపని అడిగి కుదురుకుంది.

ఆ ఏడేళ్ల పిల్లకు మాత్రం తెలుగులో ఒకటే చెప్పింది: “గీడ నన్ను అమ్మా అని పిలవొద్దు బిడ్డా.” పిల్ల బుద్ధిగా తలూపింది. అమ్మా అని ఏనాడు పిలిచింది కనక? పుట్టిన దగ్గర్నుంచీ పిలిచినట్టే మర్నాడు వంటింట్లోకి ఉరికొచ్చి, “యాడీ!” అని కొంగు పట్టుకుంది. పక్కనే ఉన్నాడు పందిరి పెద్ద రాజారత్నం. రిటైరైన హెడ్మాస్టరు, సొంతూరు జగ్గయ్యపేట, మనసు వెన్న. “చూశారా, ఆయా అనడానికి నోరు తిరగట్లేదు పిల్లకి!” అని మురిసిపోయాడు. మిగతా పిల్లలకు ఆ పిలుపు ముద్దొచ్చింది. నెల తిరక్కుండా అందరికీ ఆమె యాడి అయిపోయింది. ఆయనైతే “యాడమ్మా” అని పిలిచి, “ఎప్పుడు చూసినా ఈవిణ్ణి యాడుందీ అని వెతుక్కోవాల్సిందే, తగిన పేరే పెట్టారర్రా” అని తన జోకుకు తానే నవ్వుకునేవాడు.

చుట్టూ ఇన్ని తండాలుంటే ఆ మాట ఒక్కరికీ తెలియదా అని మీరు నన్నడగొచ్చు. నన్నెందుకు, కోదాడ బజారునడగండి! సంతలో తండావాళ్లు మన భాషలో బేరమాడుతుంటే వాళ్ల భాషతో మనకేం పని? ఆ నిర్లక్ష్యం పుణ్యమా అని చాందీ ఏడాదిగా అందరి ముందూ తన తల్లిని అమ్మా అనే పిలుచుకుంటోంది.

ఇదిగో, ఇప్పుడు జైరాం వచ్చాడు. గరిడేపల్లి దగ్గర తండాలో పుట్టినవాడు.

“మీరేమంటున్నరో నాకు సమజైతలేదు సారూ,” అంది పుష్పాబాయి తెలుగులో, గరిటెను చారులో ముంచి అవసరం లేకపోయినా కలుపుతూ.

“సమజైంది. నేను మాట్లాడంగనే నీ చెయ్యి ఆగింది.” అతను మళ్లీ లంబాడీలోకి మళ్లాడు. ఏ తండా మీది? ఎవరి బిడ్డవు? అత్తగారిల్లెక్కడ?

“చారు కారమైందేమో. తింటరా సారూ జర?”

అతను ఏది అడిగినా ఆమె చారు గురించీ పప్పు గురించీ చెప్పింది. తన భాషలో ఒక్క ముక్క పెదవి దాటితే బతుకు బజారున పడుతుందని ఆమెకు తెలుసు. ఈ రాత్రికే చాందీ రోడ్డు మీదుంటుంది. అంతటితో పోతుందా? గేమ్యా పెళ్లాం అని తెలియగానే, వండిపెట్టేదానికీ ఆ రోగమేనట అని ఊరు కోడై కూస్తుంది. పందిరి ఉన్న ఇంటి ఓనరు ఎప్పుడు సాకు దొరుకుతుందా, వీళ్లను ఎప్పుడు ఖాళీ చేయిద్దామా అని కాచుక్కూర్చున్నాడు. తన మూలంగా ఈ పిల్లలందరి నెత్తి మీదా నీడ పోతుంది. రోగం తనకుందో లేదో ఆమె పరీక్ష చేయించుకోలేదు. చేయించుకోమని దవాఖానలో చెప్పారు, వినలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలడం, జాకెట్లు వదులు కావడం ఆమెకు తెలుస్తూనే ఉంది.

“పిల్లలు ఏదో పిలుస్తరు,” అంది. “ఆయా అనబోయి గట్లంటరు. పెద్దసారును అడుగుండ్రి కావాల్నంటే.”

“పెద్దసారుకేం ఎర్క?” జైరాం గుమ్మానికి ఆనుకున్నాడు. ఆమె మణికట్టు మీద, మసి కింద, పచ్చబొట్టు చుక్కలు కనిపిస్తున్నాయి. వాటిని చూసి ఊరుకున్నాడు. “సరే, వద్దంటే వద్దులే. నీకు చెప్పాల్సిన ముచ్చట వేరే ఉండె. పొద్దుగాల సూర్యాపేటకెళ్లి వచ్చిన. పోయిన నెల పిల్లల రక్తం తీసి పంపిన్రు గద, రిజల్టు వచ్చింది.”

గరిటె ఆగిపోయింది.

“మల్సూర్‌ది మంచిగ రాలే. ఇంకిద్దరిది గూడ మంచిగ లేదు. వాళ్లను మందులకు హైదరాబాదు తీస్కపోవాలె.” ఆమె ముఖంలోకి చూశాడు. “చాందీది సాఫ్ ఉన్నది. ఆ పిల్లకు ఏ రోగం లేదు.”

పుష్పాబాయి పీట మీద కూలబడిపోయింది. ఇన్నాళ్లూ ఎక్కడ అణిచిపెట్టిందో, ఎలా అణిచిపెట్టిందో, గొంతులోంచి తన భాషంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. నా తల్లీ, నా బంగారం, నా కడుపు చల్లగుండ, సేవాలాల్ స్వామీ నీకు శరణు, వాడి పాపం నా బిడ్డకు అంటలేదు, అంటలేదు! ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ రెండు చేతులూ నేలకు ఆనించి మొక్కింది. అప్పుడు గుర్తొచ్చింది ఎదురుగా ఎవరున్నారో. గబుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జైరాం నవ్వలేదు. వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఇగ తెలుగు సాలు అక్కా,” అన్నాడు.

ఇక దాచడానికి ఏముంది? అంతా చెప్పేసింది. బుచ్చమ్మతో ఆడించిన అబద్ధం, దేవ్‌సింగ్ చేసిన పని, సాయంత్రం జ్వరాలు, అన్నీ. చెప్పాక అతని కాళ్లు పట్టుకోబోయింది. అతను వెనక్కి జరిగాడు.

“నేనెవరికీ చెప్ప. తండాల పుట్టినోణ్ని, నాకు తెల్వదా తండా సంగతి? నా నోట్లకెళ్లి మాట రాదు. గని అక్కా...” ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. “ఇంకో ముచ్చట ఉన్నది. చాందీది మంచిగ వచ్చిందని పొద్దుగాలనే పెద్దసారుకు చెప్పిన. ఆయన మస్తు సంబురపడ్డడు. మేళ్లచెరువుల ఒక జంట ఉన్నరట, పిల్లలు లేరు. ఒక ఆడపిల్లను సాదుకుంటమని ఎన్నడో అడిగిన్రట. రోగం లేని పిల్ల, ముందటెన్క ఎవరూ లేని పిల్ల అయితే మంచిదన్నరట. రేపు వస్తున్నరు.”

పుష్పాబాయికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

“నా బిడ్డను నన్నడగకుంట ఎట్ల ఇస్తరు?”

“నువ్వు సచ్చిపోయినవ్ గదక్కా,” అన్నాడు జైరాం మెల్లగా. “సచ్చినోళ్లను ఎవరడుగుతరు?”

ఆమె మళ్లీ కూర్చుంది. పొయ్యి మీద చారు పొంగి మంటలో పడి సుయ్యిమంటున్నా కదల్లేదు. ఆ గిన్నెను అతనే దించాడు.

“పోయి చెప్పు పెద్దసారుకు. మంచోడాయన.”

“మంచోడే. మంచోడు గూడ నియమం దాటలేడు. ఏడాది సంది అబద్ధం ఆడినవా అంటడు. తల్లి ఉన్న పిల్లను పెట్టుకున్నమని తెలిస్తే పైసలిచ్చేటోళ్లు ఆపుతరంటడు. చాందీని తోల్కొని యాడికి పోవాలె నేను? తండాకా?”

“అయితే చెప్పకు.”

“చెప్పకపోతే రేపు తీస్కపోతరు గద!”

“మరేం చేస్తవక్కా?”

“నువ్వే చెప్పు తమ్మీ. సదువుకున్నోడివి. నా జాగల నువ్వుంటే ఏం చేస్తవ్?”

జైరాం వట్టినే గ్లాసు తీసి చూసి మళ్లీ పెట్టాడు. ఎయిడ్స్ ఎలా వస్తుంది, ఎలా రాదు, ఆ రోగం ఉన్నవాళ్ల చేతి అన్నం తింటే ఎందుకు భయం లేదు అని అతనికి శిక్షణలో అన్నీ నేర్పారు. ఇది మాత్రం నేర్పలేదు.

ఆమే మళ్లీ అడిగింది: “మంచోళ్లేనా?”

“మంచోళ్లే అంటున్నరు. ఏసుపాదమని, సిమెంటు ఫ్యాక్టరీల నౌకరి. ఆమె జానమ్మ, టీచరమ్మ. క్వార్టర్ల ఉంటరు. ఇంట్లనే నల్లా ఉంటది.”

ఇంట్లోనే నల్లా. ఆ మాట పుష్పాబాయి మనసులో అడ్డంగా పడింది. బోరింగు దగ్గర బిందె పట్టుకుని వెనక్కి తిరిగొచ్చిన పిల్ల, ఇంట్లోనే నల్లా తిప్పుకుని నీళ్లు పట్టుకుంటుంది. టీచరమ్మ కూతురంటే ఎవరు మాత్రం నెట్టేస్తారు? ఆ జానమ్మెవరో ముఖం కూడా చూడకుండానే ఆమె మీద కుళ్లు పుట్టుకొచ్చింది పుష్పాబాయికి. ఆ వెనకే గేమ్యా గుర్తొచ్చాడు. అతనికీ సాయంత్రం జ్వరాలతోనే మొదలైంది. రేపు తనూ మంచం పడితే చాందీకి దిక్కెవరు? దేవ్‌సింగా?

సాయంత్రం రాజారత్నం పిలిపించాడు. చెప్పేద్దామనే వెళ్లింది. చెప్పి, ఆయన కాళ్ల మీద పడి, కొడితే కొట్టించుకుందామనుకుంది. ఆయన ముఖం చూశాక చెప్పలేకపోయింది. పండగలా ఉంది ఆ ముఖం. ఏడాదిలో ఇద్దరు పిల్లల్ని మట్టి చేసి వచ్చిన మనిషి ఆయన. శవపేటిక మోసే దిక్కు లేక తనే భుజం పట్టాడు. ఇన్నాళ్లకు ఒక్క పిల్ల, ఒకే ఒక్క పిల్ల, చావుకు కాక ఒక ఇంటికి నడిచి వెళ్లబోతోంది.

“యాడమ్మా! విన్నావా? నీ చేతి అన్నం ఎంత బలమో చూడు! జానమ్మగారు నాకు బాగా తెలుసు, బంగారంలా చూసుకుంటుంది. ఇట్లాంటి మంచి రోజు చూస్తాననుకోలేదు.” కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఒక్కటే నా బెంగ. పిల్ల నీ కొంగు వదలదు. నువ్వే నచ్చజెప్పాలి. నువ్వు చెప్తే వింటుంది. చెప్తావు కదూ?”

“చెప్త సారూ,” అంది.

నోరు తనదే, మాటా తనదే. అయినా ఎవరో తన పక్కన నిలబడి అన్నట్టనిపించింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే చాందీకి తలంటి, వసారాలో కూర్చోబెట్టుకుని చిక్కులు తీస్తూ, చెవిలో గుసగుసగా తమ భాషలోనే చెప్పింది. ఒకమ్మ వస్తుంది. మంచిది. పెద్ద ఇల్లు. నువ్వు వాళ్లింట్లో ఉండాలి.

“నువ్వు?”

“నేను గీడనే. నేను లేకపోతే వీళ్లకు అన్నం ఎవరు వండుతరు?”

చాందీ మోకాళ్ల మీద గడ్డం ఆనించి ఆలోచించింది. “ఆమెను అమ్మా అనాల్నా?”

“అనాలె.”

“అంట తియ్.” పిల్ల వెనక్కి తిరిగి తల్లి ముఖం చూసింది. “ఆమె అమ్మ, నువ్వు యాడివి. రెండూ వేరేనే గద?”

“వేరేనే,” అంది పుష్పాబాయి. దువ్వెనను చిక్కులో బలంగా లాగింది. పిల్ల అబ్బా అంది. ఇద్దరి కళ్లలో నీళ్లు రావడానికి ఆ చిక్కు ఒక సాకైంది.

ప్రార్థన కాగానే వాళ్లు వచ్చారు. ఏసుపాదం మాటలు తక్కువ మనిషి, కుర్చీ అంచున కూర్చున్నాడు. జానమ్మ మాత్రం కుర్చీ వదిలి చాప మీదకే వచ్చి పిల్లలందరి పేర్లూ అడిగింది. కొందరిలాగా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. పుండ్ల మూలంగా అందరూ దూరంగా కూర్చోబెట్టే మల్సూర్ తలను కూడా నిమిరింది. చాయ్ పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డ పుష్పాబాయి అదంతా చూసింది. చెడ్డదైనా బాగుండు అనిపించింది. చెడ్డదైతే బిడ్డను లాక్కోవడానికి తనకు ధైర్యం వచ్చేదేమో!

జానమ్మ చాందీని ఒళ్లోకి తీసుకుంది. పిల్ల పోయి బుద్ధిగా కూర్చుంది.

“మాతో వస్తవా బిడ్డా?”

“వస్త.”

“నన్నేమని పిలుస్తవ్?”

“అమ్మా అని.”

రాజారత్నం చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ఏసుపాదం మొదటిసారి నవ్వాడు.

“నీకేం కావాలె చెప్పు? గౌనా, బొమ్మా? మా ఇంట్ల ఏది కావాలంటే అది కొనిస్తం.”

“ఏం వద్దు,” అంది చాందీ. తర్వాత, పెద్దవాళ్లు బేరమాడినట్టు, నెమ్మదిగా అంది: “ఆదివారం ఆదివారం యాడీని సూడనీకి తోల్కస్తే సాలు.”

జానమ్మ ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ చెయ్యి పిల్ల వీపు మీద ఆగిపోయింది.

“ఎవర్నమ్మా?”

“యాడీని.”

“మా వంటామె లెండి,” రాజారత్నం నవ్వుతూ అందుకున్నాడు. “వచ్చిన కొత్తలో ఆయా అనడం రాక ఇది అట్లా పిలిచింది. ఇప్పుడు ఊరంతా అదే పేరు. ఏమ్మా యాడమ్మా, టీ చల్లారిపోతోంది, ఇటు తే!”

పుష్పాబాయి పళ్లెంతో ఒక అడుగు ముందుకు వేసింది. జానమ్మ తలెత్తి ఆమెను చూసింది. పళ్లెం పట్టుకున్న చేతుల మీది పచ్చబొట్టును చూసింది. ఒళ్లో ఉన్న పిల్ల ముఖాన్ని చూసి, మళ్లీ ఆమెను చూసింది.

“సార్,” అంది ఆమె, గొంతు తగ్గించి. “మా బడికి వచ్చేటోళ్లల్ల సగం మంది తండా పిల్లలే. ఆయాను వాళ్లు ఆయా అనే అంటరు.” పిల్లను ఒళ్లో సర్దుకుంది. “యాడి అని ఒక్కామెనే అంటరు సార్. కన్నామెను.”

రాజారత్నం ముఖాన నవ్వు వెంటనే పోలేదు. కాసేపు దారి తప్పినట్టు అక్కడే ఉండిపోయింది. ఆయన ఏడాది పొడుగునా పిలిచిన పిలుపులన్నీ ఒక్కొక్కటే వెనక్కి వచ్చి తగులుతున్నాయేమో, కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

“పుష్పాబాయీ,” అన్నాడాయన. ఆ పేరు ఆయన నోట వచ్చి ఎన్నాళ్లయిందో. “ఈ పిల్ల నీకేమవుతుంది?”

పుష్పాబాయి అవుననాలి. కాదనాలి. అవునంటే బిడ్డకు ఇక్కడ చోటు లేదు. కాదంటే బిడ్డే తనకు లేదు. ఆమె ఇంకా ఏదీ అనకముందే చాందీ జానమ్మ ఒళ్లోంచి జారి లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది, బడిలో పంతులు ప్రశ్న అడిగితే నిలబడినట్టు. తల్లి వైపు పొరపాటున కూడా చూడలేదు.

“ఏం కాదు సార్,” అంది స్పష్టంగా. “అన్నం వండుతది, గంతే. మా యమ్మ సచ్చిపోయింది. నేను సూసిన.”



“నిన్ను కాదమ్మా అడిగింది,” అన్నాడు రాజారత్నం. ఆయన చూపు పుష్పాబాయి మీదినుంచి కదల్లేదు. “ఆమెను చెప్పనివ్వు.”

(సశేషం)